అంటువ్యాధుల ఎపిడెమియాలజీలో పరిశోధకులు కావడం ఎలా: మొదటి లెక్క నుంచి సొంత ప్రాజెక్టు దాకా

వైద్య పట్టా లేకుండా ఎపిడెమియాలజిస్టు (వ్యాధులు జనంలో ఎలా, ఎందుకు వ్యాపిస్తాయో అధ్యయనం చేసే పరిశోధకులు) కావచ్చా, ముందు ఏ వ్యాధిని ఎంచుకోవాలి, ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ నేర్చుకోవాలా పైథాన్ నేర్చుకోవాలా, పీహెచ్‌డీకి ఎప్పుడు దరఖాస్తు చేయాలి అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా బదులివ్వడం కంటే అన్నిటినీ ఒక వరుసలో పెట్టడం మేలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ నాలుగు ప్రశ్నలకూ సమాధానాలు కింద ఉన్నాయి. అయితే ఎవరూ అడగని ఐదో ప్రశ్న ఒకటుంది: నా ముందున్న ఈ అంకె ఎక్కడ, ఎవరి చేతిలో, ఎలా పుట్టింది? ఈ రంగంలో నిలదొక్కుకున్నవారి పనిని పరిశీలిస్తే, వారు గణితంలో అందరికంటే గట్టివారై ఉండడం తప్పనిసరిగా కనిపించదు గాని, ఈ ప్రశ్నను వదలకుండా అడిగినవారై ఉండడం మాత్రం కనిపిస్తుంది. కింది మెట్లను ఆ దృష్టితోనే అమర్చాను.

కావలసినవి

వైద్యం, పశువైద్యం, నర్సింగ్, మైక్రోబయాలజీ, గణాంకశాస్త్రం, గణితం, ఫార్మసీ వంటి ఏ డిగ్రీతోనైనా ఇందులోకి రావచ్చు. వైద్య పట్టా ఉంటే రోగులను పరీక్షించే పనీ ఆసుపత్రి రికార్డులూ సులువుగా అందుతాయి. లేకపోతే ఆ భాగానికి ఒక వైద్యుడిని సహ పరిశోధకుడిగా కలుపుకోవాలి, అంతే తేడా. డిగ్రీ తరువాత ప్రజారోగ్యంలో గాని ఎపిడెమియాలజీలో గాని మాస్టర్స్ చేయడం వాడుకలో ఉన్న దారి. ఇవి గాక మరికొన్ని కావాలి:

- గణాంకాలకు పనికివచ్చే ఒక ప్రోగ్రామింగ్ భాష. ఆర్, పైథాన్ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. ఈ రంగానికి సంబంధించి సిద్ధంగా దొరికే ప్యాకేజీలు ఆర్‌లో ఎక్కువ కనుక, ఎటూ తేల్చుకోలేనివారు ఆర్‌తో మొదలుపెట్టవచ్చు.
- కోడ్‌లో ఎప్పుడు ఏం మార్చారో భద్రపరిచే గిట్ వంటి సాధనం.
- ఇంగ్లిష్‌లో సాంకేతిక విషయాన్ని సూటిగా రాయగల నేర్పు, ఎందుకంటే పేరున్న జర్నళ్లు చాలావరకు ఆ భాషలోనే వెలువడుతున్నాయి.
- జబ్బుపడినవారితో, భయంలో ఉన్న కుటుంబాలతో తొందరపెట్టకుండా మాట్లాడే ఓపిక. మోడలింగ్ చేసేవారికి ఇది అక్కరలేదని అనుకోకండి.
- కాలం. మాస్టర్స్‌కు ఒకటి రెండేళ్లు, పీహెచ్‌డీకి దేశాన్ని బట్టి మూడు నుంచి ఆరేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన) ఉద్యోగం ఒకటో రెండో అని లెక్క వేసుకోండి.

1. ముందు పద్ధతిని ఎంచుకోండి, వ్యాధి సంగతి తరువాత

అంటువ్యాధుల ఎపిడెమియాలజీ అన్న ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాల పనులు జరుగుతున్నాయి. వ్యాధి ప్రబలిన చోటికి వెళ్లి మూలాన్ని కనిపెట్టే క్షేత్ర పరిశోధన మొదటిది. కొన్ని వందల మందినో వేల మందినో ఏళ్ల తరబడి గమనిస్తూ, రక్త నమూనాలలో యాంటీబాడీలను కొలుస్తూ, ఎవరికి ఎప్పుడు సోకిందో తేల్చే కోహార్ట్ అధ్యయనాలూ సీరో సర్వేలూ రెండోది. వ్యాప్తి తీరును సమీకరణాలలో పెట్టి అంచనా వేసే మోడలింగ్ మూడోది. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ ప్రచురించిన సిద్ధాంతం ఇప్పటికీ దానికి పునాదిగా ఉంది. టీకాలూ మందులూ వాస్తవ పరిస్థితుల్లో ఎంతవరకు పనిచేస్తున్నాయో కొలవడం నాలుగోది. సూక్ష్మజీవుల జన్యుక్రమాల విశ్లేషణ ఇప్పుడు ఈ నాలుగింటిలోకీ వచ్చి చేరింది.

ఏది మీకు నప్పుతుందో తెలుసుకోవడానికి, ఒక్కో రకానికి చెందిన పరిశోధన పత్రాలు నాలుగైదు తీసుకుని, ఫలితాలను పక్కనపెట్టి, పద్ధతుల భాగాన్ని మాత్రమే చదవండి. ఫలితాలు ఎవరికైనా ఆసక్తిగానే ఉంటాయి. మీరు రోజూ చేయబోయే పని మాత్రం పద్ధతుల భాగంలో ఉంటుంది కనుక, దాన్ని చదువుతున్నప్పుడు విసుగు పుట్టని రకాన్ని ఎంచుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, వార్తల్లో మారుమోగుతున్న వ్యాధిని పట్టుకుని జీవితమంతా దాని మీదే గడపాలని నిర్ణయించుకోవడం. వార్తలు చల్లబడిన కొన్నేళ్లకు నిధులూ చల్లబడతాయి. ఒక వ్యాధి కోసం నేర్చుకున్న పద్ధతి మరో వ్యాధికి పనికివస్తుంది. వ్యాధి మీద ఇష్టంతో నేర్చుకున్న వివరాలన్నీ అలా పనికిరావు.

2. పునాదిని గట్టిచేసుకోండి

ఇన్సిడెన్స్‌కూ (కొత్తగా వచ్చే కేసులు) ప్రివలెన్స్‌కూ (ఒక సమయంలో ఉన్న మొత్తం కేసులు) తేడా, జబ్బుపడే అవకాశాన్ని కొలిచే రిస్కుకూ రేటుకూ ఆడ్స్‌కూ తేడా, ఇంక్యుబేషన్ కాలానికీ (సోకినప్పటి నుంచి లక్షణాల దాకా) సీరియల్ ఇంటర్వల్‌కూ (ఒకరి లక్షణాల నుంచి వారి వల్ల సోకినవారి లక్షణాల దాకా) తేడా, కన్ఫౌండింగ్ (మరో కారణం కలిసిపోయి పోలికను తప్పుదోవ పట్టించడం), బయాస్ (లెక్క ఒక వైపుకే మొగ్గే తప్పు), పరీక్షల సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవారిలో పాజిటివ్ వచ్చే శాతం), స్పెసిఫిసిటీ (లేనివారిలో నెగటివ్ వచ్చే శాతం) అన్న ఈ కొద్ది విషయాలు కంఠస్థం కావడం చాలదు, చేతికి రావాలి. వచ్చాయో లేదో ఈ లెక్కతో చూసుకోండి. 10,000 మందిలో నూటికి ఒకరికి ఇన్‌ఫెక్షన్ ఉంది. పరీక్ష సెన్సిటివిటీ 90 శాతం, స్పెసిఫిసిటీ 95 శాతం. పాజిటివ్ వచ్చినవారిలో నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు ఎంతమంది?

ఉన్న 100 మందిలో 90 మందికి పాజిటివ్ వస్తుంది. లేని 9,900 మందిలో 495 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. అంటే మొత్తం 585 పాజిటివ్‌లలో నిజమైనవి 90, సుమారు 15 శాతం మాత్రమే. ఈ జవాబు మీకు ఆశ్చర్యం కలిగించినట్లయితే ఈ మెట్టు మీద ఇంకొన్నాళ్లు ఉండండి. ఇన్‌ఫెక్షన్ అరుదుగా ఉన్న చోట సీరో సర్వే చేసి, వచ్చిన పాజిటివ్‌లను సవరించకుండా ప్రచురించేవారు చేసే తప్పు సరిగ్గా ఇదే.

3. పాత డేటాతో లెక్కను మళ్లీ చేయండి

కొత్తవారు దాటవేసే మెట్టు ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను. సొంత డేటా వచ్చేదాకా ఆగనవసరం లేదు. జవాబు ముందే తెలిసిన పాత డేటాను తీసుకుని, అదే జవాబు మీకూ వస్తుందో లేదో చూడాలి.

1940 ఏప్రిల్ 18న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో కౌంటీలో, లైకోమింగ్ అనే ఊరి చర్చిలో జరిగిన విందు తరువాత చాలామంది వాంతులు, విరేచనాలతో జబ్బుపడ్డారు. హాజరైన 80 మందిలో 75 మందిని ప్రశ్నించగా 46 మంది జబ్బుపడినట్లు తేలింది. ఈ 75 మంది వివరాలూ ఎపిడెమియాలజీ తరగతుల్లో దశాబ్దాలుగా అభ్యాసానికి వాడుతున్నారు. ఆర్ ప్యాకేజీల్లోనూ దొరుకుతాయి.

మొదట జబ్బు మొదలైన సమయాన్ని బట్టి ఎపిడెమిక్ కర్వ్ (ఎప్పుడు ఎంతమంది జబ్బుపడ్డారో చూపే గ్రాఫ్) గీయండి. తరువాత ఒక్కో వంటకానికి తిన్నవారిలో, తిననివారిలో అటాక్ రేటు (జబ్బుపడినవారి శాతం) కట్టండి. వెనిలా ఐస్‌క్రీమ్ దగ్గర మీకు ఈ అంకెలు రావాలి: తిన్న 54 మందిలో 43 మంది జబ్బుపడ్డారు, అంటే 79.6 శాతం, తినని 21 మందిలో ముగ్గురు, అంటే 14.3 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే రిస్కు నిష్పత్తి 5.6 వస్తుంది. ఈ అంకెలు రాకపోతే ఖాళీగా ఉన్న గడులను మీ కోడ్ ‘తినలేదు’ అని లెక్కించిందేమో చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక్కడితో ఆగిపోకండి. చాక్లెట్ ఐస్‌క్రీమ్ తిన్న 47 మందిలో 25 మంది, తినని 27 మందిలో 20 మంది జబ్బుపడ్డారు. ఒకరి సమాచారం తెలియదు. నిష్పత్తి 0.7. పైపైన చూస్తే చాక్లెట్ ఐస్‌క్రీమ్ జబ్బు రాకుండా కాపాడినట్లుంది. తొందరపడి ఆ మాట రాయకముందు, వెనిలా తిన్నవారినీ తిననివారినీ విడదీసి ఒక్కో గుంపులో చాక్లెట్ లెక్కను మళ్లీ కట్టండి. చాక్లెట్ తిననివారిలో వెనిలా తిన్నవారు ఎక్కువగా ఉన్నారన్నది అప్పుడు బయటపడుతుంది. కన్ఫౌండింగ్ గురించి పది పేజీలు చదివినా రాని స్పష్టత ఈ ఒక్క పట్టికతో వస్తుంది.

వెనిలా తినకుండానే జబ్బుపడిన ఆ ముగ్గురి సంగతేమిటి? జ్ఞాపకం పొరపాటు కావచ్చు, గిన్నెలూ గరిటెలూ కలిసి ఉండవచ్చు, వేరే కారణంతో వచ్చిన వాంతులు కావచ్చు. లెక్కకు లొంగని వరుసలను తొలగించడం తప్పు. వాటికి ఏయే వివరణలు సాధ్యమో రాసిపెట్టుకోవడం పద్ధతి.

ప్రత్యామ్నాయం: మోడలింగ్ వైపు వెళ్లేవారు 1978లో ఇంగ్లండ్‌లోని ఒక బాలుర వసతి పాఠశాలలో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా డేటా తీసుకోవచ్చు. అక్కడ 763 మంది విద్యార్థులలో 512 మంది జబ్బుపడ్డారు. రోజువారీ అంకెలకు ఎస్ఐఆర్ మోడల్‌ను (జనాన్ని సోకే అవకాశమున్నవారు, సోకినవారు, కోలుకున్నవారు అని విడదీసే మోడల్) సరిపెట్టడం అందరూ చేసే అభ్యాసమే గాని, ఇందులో ఒక గొయ్యి ఉంది. ఆ అంకెలు ఆ రోజు మంచం మీద ఉన్నవారి సంఖ్య. కొత్తగా జబ్బుపడినవారి సంఖ్యగా వాటిని తీసుకుంటే అంచనాలన్నీ తలకిందులవుతాయి. అనుమానం తీర్చుకోవడానికి దారి సులువు: రోజువారీ అంకెలన్నీ కూడండి. మొత్తం 763ను దాటిపోతుంది కనుక అవి కొత్త కేసులు అయ్యే అవకాశమే లేదు. ఏ డేటా చేతికి వచ్చినా, మోడల్ జోలికి వెళ్లకముందు ఇలాంటి కూడిక ఒకటి చేయడం అలవాటు చేసుకోండి.

4. అంకె పుట్టే చోట కొన్నాళ్లు పనిచేయండి

వ్యాధుల నిఘా విభాగంలోనో, వ్యాధి ప్రబలినప్పుడు వెళ్లే బృందంలోనో కనీసం కొన్ని నెలలు గడపండి. దీనికోసమే ఏర్పడిన శిక్షణలు ఉన్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ 1951లో ప్రారంభించిన ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీసు రెండేళ్ల శిక్షణ. అదే తీరులో థాయ్‌లాండ్ 1980లో, యూరప్ దేశాలు 1995లో తమ కార్యక్రమాలను మొదలుపెట్టాయి. ఇప్పుడు చాలా దేశాల్లో ఫీల్డ్ ఎపిడెమియాలజీ శిక్షణ కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాటిలో చోటు దొరకనివారు స్థానిక ఆరోగ్య విభాగంలో డేటా నమోదు పనికి చేరినా ప్రయోజనం తక్కువేమీ కాదు.

అక్కడ నేర్చుకోవలసిన ముఖ్యమైన పని లైన్ లిస్టు తయారీ: ఒక రోగికి ఒక వరుస, ఒక వివరానికి ఒక నిలువు గడి. చూడడానికి ఇంతే. కాని ఈ కింది తప్పులు ఎక్కడికి వెళ్లినా కనిపిస్తాయి.

కేసు నిర్వచనం మధ్యలో మారుతుంది. ‘జ్వరం, దగ్గు’ అని మొదలైనది పరీక్షలు అందుబాటులోకి వచ్చాక ‘పాజిటివ్ పరీక్ష’గా మారితే, గీతలో కనిపించే పెరుగుదల వ్యాధిదా నిర్వచనానిదా చెప్పలేం. నిర్వచనం మారిన తేదీని గ్రాఫ్ మీదే నిలువు గీతగా గుర్తించండి. పాత, కొత్త నిర్వచనాలకు వేర్వేరు గడులు ఉంచండి.

తేదీలు కలగాపులగం అవుతాయి. 03/04 అన్నది ఒకరికి ఏప్రిల్ మూడు, మరొకరికి మార్చి నాలుగు. సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర రాసే పద్ధతికి మొదటి రోజే కట్టుబడండి. లక్షణాలు మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ, నమోదు చేసిన తేదీ నాలుగూ వేరు. ఒక్క ‘తేదీ’ గడి మాత్రమే ఉన్న లైన్ లిస్టు చేతికి వస్తే అది వీటిలో ఏదో కనుక్కునేదాకా విశ్లేషణ మొదలుపెట్టకండి.

సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంగా వరుసలను మింగేస్తుంది. 2020లో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. పాత ఎక్సెల్ ఫైలు రకంలో 65,536 వరుసలకు మించి పట్టవన్నది కారణం. ఫైలు ఒక చోటి నుంచి మరో చోటికి మారిన ప్రతిసారీ అటూ ఇటూ వరుసల సంఖ్య సరిపోలుతోందో లేదో చూడండి. ఈ పరిశీలనకు నిమిషం కూడా పట్టదు.

5. ప్రశ్నను ఒక వాక్యంలో పెట్టండి

‘డెంగీ మీద పరిశోధన చేస్తాను’ అన్నది ప్రశ్న కాదు. ఎవరిలో, దేనికి గురైనవారిని ఎవరితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎంత కాలంలో కొలుస్తారు అన్న ఐదు సంగతులూ ఒక వాక్యంలో ఇమడాలి. ఇమడకపోతే అది ఒక ప్రశ్న కాదు, రెండో మూడో ప్రశ్నలు కలిసిపోయాయని అర్థం.

వాక్యం కుదిరాక హారాన్ని వెతకండి. లవం సంగతి అందరూ చూస్తారు. కేసులను లెక్కపెట్టడం సులువు. ఎంతమందిలో నుంచి ఆ కేసులు వచ్చాయో తెలియకపోతే ప్రశ్న ఎంత అందంగా ఉన్నా జవాబు రాదు. 1854 లండన్ కలరాలో వైద్యుడు జాన్ స్నో చేసిన పనిలో, కలరాకు మూలమని అనుమానించిన వీధి పంపు హ్యాండిల్‌ను తీయించిన కథ చాలామందికి తెలుసు గాని, పరిశోధకులుగా మీరు నేర్చుకోవలసింది నీటి కంపెనీల పట్టికలో ఉంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నీరు అందిన 40,046 ఇళ్లలో 1,263 మరణాలు, లాంబెత్ కంపెనీ నీరు అందిన 26,107 ఇళ్లలో 98 మరణాలు. అంటే పదివేల ఇళ్లకు 315కు ఎదురుగా 37. ఏ ఇంటికి ఏ కంపెనీ నీరు వస్తోందన్న హారం లేకపోతే ఆ మరణాల జాబితా మరణాల జాబితాగానే మిగిలేది.

హారం దొరకదని తేలితే ప్రశ్నను వదిలేయనవసరం లేదు. జబ్బుపడినవారిని (కేసులు) జబ్బుపడనివారితో (కంట్రోళ్లు) పోల్చే కేస్-కంట్రోల్ పద్ధతికి మారవచ్చు. టీకా ప్రభావానికైతే, ఒకే రకమైన లక్షణాలతో పరీక్షకు వచ్చినవారిలో పాజిటివ్‌లనూ నెగటివ్‌లనూ పోల్చే టెస్ట్-నెగటివ్ పద్ధతి ఉంది. అప్పుడు కూడా కంట్రోళ్లు కేసులు పుట్టిన జనాభా నుంచే వచ్చారా అని చూసుకోవాలి.

6. గైడ్‌ను ఎంచుకోండి

పేరు చూసి దరఖాస్తు చేయడం పరిపాటి. పేరు కంటే మూడు విషయాలు ముఖ్యం: వారి వద్ద పీహెచ్‌డీ చేసినవారు ఎంత కాలంలో పూర్తిచేశారు, ఆ పత్రాల్లో మొదటి పేరు విద్యార్థిదేనా, చదువు ముగిసినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు. ఈ మూడూ బయట దొరికే సమాచారమే. ఆపైన ఆ బృందంలోని ప్రస్తుత విద్యార్థి ఒకరితో విడిగా మాట్లాడండి. మీ డేటా మొదటి రోజు చేతికి ఉంటుందా, ఇంకా సేకరించవలసి ఉందా అని ప్రత్యేకంగా అడగండి. వ్యాధి ప్రబలితే డేటా వస్తుందని నమ్మి పీహెచ్‌డీ మొదలుపెట్టడం ప్రమాదకరం. ఆ వ్యాధి మూడేళ్లు రాకపోవచ్చు. ప్రజలకు అది మంచి వార్తే, మీ థీసిస్‌కు మాత్రం కాదు. కనీసం ఒక అధ్యాయమైనా ఇప్పటికే ఉన్న డేటాతో పూర్తయ్యేలా ప్రణాళిక వేసుకోండి.

దరఖాస్తు ఎప్పుడు అన్నదానికి నా సమాధానం: మూడో మెట్టు పూర్తిచేసి, ఐదో మెట్టులోని వాక్యం ఒకటి రాయగలిగినప్పుడు. అంతకు ముందు చేస్తే గైడ్ ప్రశ్న మీ ప్రశ్న అవుతుంది.

7. అనుమతులు, ప్రోటోకాల్

మనుషుల సమాచారాన్ని ముట్టుకునే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, డేటా యజమానుల లిఖిత అంగీకారం రెండూ ఉండాలి. పాత రికార్డులే కదా అని మొదటిదాన్ని దాటవేసినవారి పత్రాలను జర్నళ్లు తిప్పి పంపుతాయి; విశ్లేషణ అయిపోయాక వెనక్కి తేదీ వేసి అనుమతి తెచ్చుకునే దారి లేదు. కమిటీలకు నెలలు పడుతుంది కనుక, ప్రోటోకాల్ (అధ్యయనాన్ని ఎలా చేస్తారో ముందే రాసిన ప్రణాళిక) రాయడం పూర్తికాగానే దరఖాస్తు పెట్టి, ఆ ఎదురుచూపు కాలంలో కల్పిత డేటాతో కోడ్ రాసి పరీక్షించుకోండి.

ప్రోటోకాల్‌లో ప్రధాన విశ్లేషణ ఏదో, ఉపగుంపులు ఏవో, ఖాళీ సమాచారాన్ని ఏం చేస్తారో ముందే రాయండి. పేర్లు, చిరునామాలు తీసేస్తే గోప్యత దక్కినట్లేనని అనుకోవడం తప్పు: చిన్న ఊళ్లో వయసు, వృత్తి, జబ్బుపడిన తేదీ మూడూ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది.

8. విశ్లేషణలో పడే గోతులు

అన్నిటికంటే ఎక్కువమంది పడేది మరణాల శాతం దగ్గర. వ్యాప్తి సాగుతుండగా మొత్తం మరణాలను మొత్తం కేసులతో భాగిస్తే తక్కువ అంకె వస్తుంది, ఎందుకంటే ఇంకా ఆసుపత్రిలో ఉన్నవారి గతి తేలలేదు. 2003 సార్స్‌లో మొదట 4 శాతం దగ్గర కనిపించిన అంచనాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మే నెలలో 14–15 శాతానికి సవరించింది. చివరకు నమోదైన 8,096 కేసుల్లో 774 మరణాలు, అంటే 9.6 శాతంగా తేలింది. మరోవైపు లక్షణాలు తక్కువగా ఉన్నవారు పరీక్షకే రాకపోతే హారం చిన్నదై శాతం పెరుగుతుంది. ఈ రెండు దోషాలూ ఎదురెదురు దిశల్లో పనిచేస్తాయి కనుక, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఎవరైనా అంటే ఆధారం అడగండి. కోలుకోవడమో మరణించడమో తేలిన కేసులతోనే విడిగా ఒక లెక్క కట్టి, రెండింటినీ పక్కపక్కన చూపడం చేయదగిన కనీస పని.

ఎపిడెమిక్ కర్వ్ చివరి భాగం రెండోది. లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం గీసిన కర్వ్ చివరి కొద్ది రోజుల్లో ఎప్పుడూ కిందికి వంగి ఉంటుంది. ఆ రోజుల్లో జబ్బుపడినవారు ఇంకా నమోదు కాకపోవడమే కారణం. వ్యాధి తగ్గుతోందని ప్రకటించే ముందు, నమోదుకు సాధారణంగా పట్టే ఆలస్యం ఎంతో లైన్ లిస్టు నుంచి కట్టి, అన్ని రోజుల భాగాన్ని గ్రాఫ్‌లో వేరే రంగులో చూపండి. వారం క్రితం గీసిన కర్వ్‌నూ ఈ రోజు గీసినదాన్నీ ఒకదాని మీద ఒకటి ఉంచి చూస్తే ఈ లోటు ఎంతో కంటికి కనబడుతుంది.

ఆర్-నాట్‌ను (అందరికీ సోకే అవకాశమున్న జనంలో ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందన్న అంకెను) వ్యాధికి స్థిరంగా ఉండే గుణంగా రాయడం మరో పొరపాటు. అది జనం ఎలా కలుస్తారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. మీజిల్స్‌కు 12–18 అని పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన ప్రతి చోటా అంతే ఉండదు. ఇక పి-విలువ (నిజానికి సంబంధమేమీ లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ రాగానే ‘కారణం’ అన్న మాట వాడేవారికి చెప్పేదొకటే: మీ పత్రంలో ఆ మాట వచ్చిన చోటల్లా ‘సంబంధం’ అని మార్చి చదవండి, తరువాత కారణమని చెప్పడానికి మీ వద్ద ఇంకేం ఆధారం ఉందో రాయండి.

ఫలితాన్ని సరిచూసుకోవడానికి, మీ కోడ్‌ను చూడని సహోద్యోగికి ముడి డేటాను, ప్రోటోకాల్‌ను ఇచ్చి ప్రధాన అంకెను విడిగా కట్టమనండి. ఇద్దరికీ ఒకే అంకె వస్తే ముందుకు సాగండి. రాకపోతే ప్రోటోకాల్‌లో రెండు అర్థాలు వచ్చే వాక్యం ఎక్కడో ఉంది.

9. రాయడం, పంపడం

ముందు పట్టికలు, గ్రాఫులు సిద్ధం చేసి, తరువాత పద్ధతులు, ఆపైన ఫలితాలు, చివర పరిచయం రాయండి. పరిశీలనాత్మక అధ్యయనాలకు 2007లో వెలువడిన స్ట్రోబ్ చెక్‌లిస్టులో 22 అంశాలున్నాయి. చాలామంది దాన్ని పంపే ముందు రోజు నింపుతారు గాని, ప్రోటోకాల్ రాసేటప్పుడే పక్కన పెట్టుకుంటే తరువాత ‘ఈ సమాచారం సేకరించలేదు’ అని రాసుకునే అవసరం రాదు. రచయితల వరుస, ఎవరి పని ఏది అన్నది మొదటి ముసాయిదా కంటే ముందే కాగితం మీద పెట్టండి.

సమీక్షకుల వ్యాఖ్యలకు ఒక్కొక్కదానికీ విడిగా జవాబు రాయాలి. అంగీకరించనివాటికి కారణం చూపాలి. ఒక జర్నల్ తిరస్కరిస్తే అదే ప్రతిని మరునాడే మరో జర్నల్‌కు పంపడం చాలామంది చేసే పని. ఆ సమీక్షకుడే అక్కడా ఎదురుకావచ్చు కనుక, సహేతుకమైన సవరణలు చేసి పంపడమే తెలివైన పని. త్వరగా అందుబాటులోకి రావలసిన ఫలితాలకు 2019లో మొదలైన మెడ్‌ఆర్కైవ్ వంటి ప్రిప్రింట్ వేదిక (సమీక్షకు ముందే పత్రాన్ని అందరికీ చూపే చోటు) ఉంది; కాని అక్కడ పెట్టిన రోజే పత్రికలవారు చదువుతారని గుర్తుంచుకుని, పరిమితులను సారాంశంలోనే రాయండి.

10. సొంత ప్రాజెక్టు వైపు

పీహెచ్‌డీ తరువాత పోస్ట్‌డాక్‌ను గైడ్ వద్దే కొనసాగించడం సుఖంగా ఉంటుంది గాని, మీ ఆలోచన ఏది గైడ్ ఆలోచన ఏది అని నిధులిచ్చేవారు అడిగినప్పుడు జవాబు కష్టమవుతుంది. బృందాన్నో పద్ధతినో మార్చండి. రెండూ ఒకేసారి మార్చితే కొత్త చోట ఫలితం చూపడానికి చాలా కాలం పడుతుంది. మొదటి నిధుల దరఖాస్తును చిన్న మొత్తానికి పెట్టి, అనుకున్న తేదీకి పూర్తిచేసి చూపడం పెద్ద దరఖాస్తుకు దారి వేస్తుంది. మీ పేరుతో మరెందరో ఉండవచ్చు కనుక పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఓర్కిడ్ గుర్తింపును తొలి పత్రానికి ముందే తీసుకోండి.

అధ్యాపక పదవులు తక్కువ, వాటికి పోటీ ఎక్కువ. ఆరోగ్య శాఖల్లో, అంతర్జాతీయ సంస్థల్లో, టీకా తయారీదారుల వద్ద ఇదే పని చేసే ఉద్యోగాలున్నాయి. వాటిని ఓటమి కింద లెక్కించే ధోరణి విశ్వవిద్యాలయాల్లో కనిపిస్తుంది, నాకది అర్థం లేనిదిగా తోస్తుంది. ప్రబలిన వ్యాధి మొదటి లైన్ లిస్టు తయారయ్యేది ఆరోగ్య శాఖలోనే కదా.

మధ్యలో కొత్త వ్యాధి ప్రబలితే

ఈ రంగంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. చేస్తున్న పనిని ఆపాలా అన్న నిర్ణయానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: నా పద్ధతి ఇక్కడ ఇప్పుడే పనికివస్తుందా, డేటా నాకు నేరుగా అందుతుందా, నా కంటే ముందే మరో బృందం ఇదే చేస్తోందా. మొదటి రెండింటికి అవునని, మూడోదానికి కాదని వస్తే వెళ్లండి. లేకపోతే, అప్పటికే పనిచేస్తున్న బృందానికి మీ గంటలను ఇవ్వండి. డేటా శుభ్రం చేయడానికి, కోడ్ సరిచూడడానికి మనుషులు ఆ రోజుల్లో ఎప్పుడూ చాలరు. వెళ్లే ముందు ప్రస్తుత అధ్యయనం ఫైళ్లు, కోడ్, ఏ మెట్టు వద్ద ఆపారన్న ఒక పేజీ వివరణ గిట్‌లో పెట్టి వెళ్లండి. ఆ పేజీని చూసి సహోద్యోగి ఒకరు మీ సాయం లేకుండా ప్రధాన పట్టికను తిరిగి తయారుచేయగలిగితేనే వివరణ సరిగా రాసినట్లు.